సంక్రాంతికి తెల్లవారుజామున కారులో బయలుదేరుతున్నారా? పొగమంచులో బండి నడపడం ఎలాగో మొదటి నుంచి చివరి దాకా

అమెరికాలో ఉండే మా బావమరిది చలికాలం రాగానే కారు టైర్లు మార్పిస్తాడు. అక్కడ రోడ్డు మీద మంచు పేరుకుంటుంది, టైరుకి పట్టు దొరకదు. మన హైదరాబాద్‌లో అలాంటి మంచు పడదు కాబట్టి మనకి చలికాలం డ్రైవింగ్ అనేదే ఒక సమస్యగా అనిపించదు. కానీ డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున విజయవాడ హైవే మీదో, వరంగల్ రోడ్డు మీదో, చేవెళ్ల దాటి వికారాబాద్ వైపో వెళ్లినవాళ్లని అడగండి. అక్కడ టైరు పట్టు పోతే ఇక్కడ కంటి చూపు పోతుంది. ముందు ఏముందో తెలియకుండా ఎనభైలో వెళ్లడం కంటే జారే రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లడమే నయం అని నా అభిప్రాయం.

ఇది రాయడానికి కారణం రెండేళ్ల కింద జరిగిన సంగతి. భోగికి ముందు రోజు తెల్లవారుజామున నాలుగింటికి వనస్థలిపురం నుంచి బయలుదేరాం. సూర్యాపేట దగ్గర మా అత్తగారి ఊరు. టోల్ గేట్ల దగ్గర రద్దీ మొదలయ్యే లోపే దాటేయాలని మా ఆలోచన, ఆ రోజు హైవే మీద ఉన్న సగం మంది ఆలోచన కూడా అదే. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాకా ఆకాశం శుభ్రంగా ఉంది. చౌటుప్పల్ దగ్గర సన్నగా మొదలైంది. చిట్యాల దాటాక ఒక్కసారిగా దుప్పటి కప్పినట్టు అయిపోయింది. నేను ఎనభై నుంచి అరవైకి తగ్గించి, చాలా జాగ్రత్తగా వెళ్తున్నాననే అనుకున్నాను. ముందు ఇంకా తెల్లగా ఏదో కనిపించింది, మంచే కాస్త చిక్కగా ఉందనుకున్నాను. అది పత్తి లోడు. ట్రాక్టర్ ట్రాలీకి వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ లేదు, పైన గుట్టలా పోసిన పత్తి మంచు రంగులోనే ఉంది. బ్రేక్ మీద నిలబడ్డాను. కారు ఆగేసరికి మా బానెట్‌కీ ఆ ట్రాలీకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. వెనక సీట్లో పిల్లలు నిద్రలోనే ఉన్నారు. వెనక ఎవరూ రాకపోవడం మా అదృష్టం.

ఆ తర్వాత నార్కట్‌పల్లి దగ్గర టీ కోసం ఆగితే ఒక లారీ డ్రైవర్ దగ్గరికొచ్చి, "సార్, మీ వెనక లైట్లు వెలుగుతలేవు, చూస్కోండి" అన్నాడు. ట్రాలీకి లైటు లేదని తిట్టుకుంటూ వచ్చిన నేను అదే పని చేస్తున్నాను. ఎందుకలా అయిందో లైట్ల దగ్గర చెప్తాను, కొత్త కార్లున్నవాళ్లు ఆ భాగం మాత్రం తప్పకుండా చదవండి.

ముందు ఒక్క లెక్క అర్థం చేసుకోండి

కింద చెప్పేవన్నీ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి: మీకు ఎంత దూరం కనిపిస్తోందో అంతలోపు మీ కారు ఆగగలగాలి. అంతే.

ఇప్పుడు ఎంత దూరంలో ఆగుతుందో చూద్దాం. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్లడానికి ఒకటిన్నర సెకను వేసుకుందాం, టైర్లు బాగున్నాయి, రోడ్డు పొడిగా ఉంది అనుకుందాం. 40 స్పీడ్‌లో ఉంటే మొత్తం ఆగడానికి సుమారు 26 మీటర్లు పడుతుంది. 60లో 45 మీటర్లు. 80లో 70కి దగ్గర. 100లో దాదాపు 100 మీటర్లు. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ, పొగమంచు పట్టిన రోడ్డు ఎలాగూ తడిగానే ఉంటుంది. వాతావరణ శాఖ లెక్కలో కిలోమీటరు లోపే కనిపిస్తే అది పొగమంచు, 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. అంటే అతి దట్టమైన మంచులో 60 కూడా ఎక్కువే. నేను ఆ రోజు చేసిన తప్పు సరిగ్గా అదే.

కారులో కూర్చుని మీటర్లు ఎవరు కొలుస్తారంటే, కొలవక్కర్లేదు. మంచులోంచి ఒక కరెంటు స్తంభమో, కిలోమీటరు రాయో, బోర్డో మొదటిసారి కనిపించగానే నెమ్మదిగా లెక్కపెట్టడం మొదలుపెట్టండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు అనేలోపే దాన్ని దాటేశారా, మీ స్పీడ్ ఎక్కువ. ఇంకా తగ్గించండి. పక్కన కూర్చున్నవాళ్లకి ఈ పని అప్పగిస్తే ఇంకా మంచిది, మా ఇంట్లో ఇప్పుడు అది మా పెద్దమ్మాయి డ్యూటీ.

స్టెప్ 1: బయలుదేరే టైమ్ మార్చండి

మిగతా స్టెప్పులన్నీ కలిపినా దీనికి సరిరావు. మన వైపు వచ్చే పొగమంచు ఎక్కువగా ఎలా పుడుతుందంటే, రాత్రి మబ్బుల్లేకుండా, గాలి కదలకుండా ఉంటే నేల వేడి అంతా పైకి పోయి నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న తేమ గాలి కూడా చల్లబడి నీటి తుంపరలుగా మారుతుంది. నేల అన్నింటికంటే చల్లగా ఉండేది సూర్యోదయం వేళ. సంక్రాంతి రోజుల్లో మనకి సూర్యుడు వచ్చేది ఉదయం 6:45, 6:50 ప్రాంతంలో. అందుకే సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది మధ్య మంచు చిక్కగా ఉంటుంది. తెల్లారిపోయింది కదా, ఇక తగ్గుతుంది అనుకుంటారు చాలామంది. ఎండ తగిలి నేల వేడెక్కే దాకా అది కదలదు, ఒక్కోసారి సూర్యోదయం తర్వాత కాసేపు ఇంకా పెరుగుతుంది కూడా.

కాబట్టి నాలుగింటికి బయలుదేరితే మంచు చిక్కబడే టైమ్‌కి మీరు సరిగ్గా పొలాల మధ్యలో ఉంటారు. రెండే దారులు. ముందు రోజు రాత్రి పది, పదకొండు లోపు గమ్యం చేరేలా బయలుదేరడం, లేదా ఉదయం ఎనిమిది దాటాక ఎల్బీనగర్ దాటడం. టోల్ గేట్ దగ్గర గంట లైన్లో ఉంటే ఉండండి. పంతంగి దగ్గర గంటసేపు విసుగొస్తుంది, అంతకు మించి ఏమీ కాదు.

రేపు మంచు ఉంటుందో లేదో ముందే కొంత తెలుసుకోవచ్చు. బేగంపేటలోని వాతావరణ కేంద్రం రోజూ ఇచ్చే సూచనలో పొగమంచు గురించి ఉంటుంది. రాత్రి పడుకునే ముందు బయటికి వచ్చి చూడండి: చుక్కలు స్పష్టంగా ఉండి, ఆకు కదలకుండా, కారు పైకప్పు మీద చేయి పెడితే తడి తగులుతుంటే అనుమానించాల్సిందే. నగరంలో కాంక్రీట్ వేడి వల్ల మంచు తక్కువ పడుతుంది కాబట్టి మీ బాల్కనీలోంచి చూసి హైవేని అంచనా వేయకండి. అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి, దారిలో ఉన్న చుట్టాలకి ఫోన్ చేయడం. "బాబాయ్, నకిరేకల్‌లో మంచు ఎట్లుంది?" అని అడిగితే తలుపు తీసి చూసి చెప్తారు.

స్టెప్ 2: ముందు రోజే కారు చూసుకోండి

అద్దం గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అందరూ బయట తుడుస్తారు, లోపల తుడవరు. ముందు అద్దం లోపలి వైపు మీద వేలితో గీసి చూడండి, జిడ్డు పొర తెలుస్తుంది. డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ ఎండకి వేడెక్కి వదిలే ఆవిరి, మన ఊపిరి, ఏసీ దుమ్ము, అన్నీ కలిసి అక్కడ చేరతాయి. ఎదురుగా వచ్చే లైటు ఆ పొర మీద పడితే అద్దం మొత్తం తెల్లబడుతుంది. గ్లాస్ క్లీనర్ వేసి మైక్రోఫైబర్ బట్టతో ఒకసారి, పొడి బట్టతో ఇంకోసారి తుడవండి. బయటి వైపు సమస్య వేరు: మన అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లతో కార్లు కడుగుతారు, ఆ ఉప్పు మరకలు ఎండి అద్దం మీద చుక్కలు చుక్కలుగా ఉండిపోతాయి. మామూలు తుడుపుకి పోవు. బట్టని వెనిగర్ కలిపిన నీళ్లలో తడిపి రుద్దితే చాలావరకు పోతాయి, తర్వాత మంచినీళ్లతో కడిగేయండి, వెనిగర్ పెయింట్ మీద ఉండిపోకుండా చూసుకోండి.

వైపర్ రబ్బరు మన ఏప్రిల్, మే ఎండలకి గట్టిపడి చీలిపోతుంది. నీళ్లు చల్లి ఒకసారి తిప్పండి, గీతలు మిగిలితే మార్చేయండి. వాషర్ ట్యాంక్ నింపండి.

టైర్ల గాలి పొద్దున్నే, బండి నడవక ముందు చూడాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది, కాబట్టి మధ్యాహ్నం వేడిలో సరిగ్గా ఉన్న గాలి తెల్లవారుజామున రెండు, మూడు పాయింట్లు తక్కువ ఉండొచ్చు. బ్యాటరీ పాతదైతే చెక్ చేయించండి. దాన్ని దెబ్బతీసేది ఎండాకాలం, అది బయటపడేది చలికాలం పొద్దున. ఎర్ర రంగు వార్నింగ్ ట్రయాంగిల్ డిక్కీలో సామాన్ల కింద కాకుండా చేతికందేలా పెట్టుకోండి.

స్టెప్ 3: లైట్లు

హై బీమ్ వద్దు. మంచు అంటే గాల్లో తేలే నీటి చుక్కలు, వాటి మీద పడిన వెలుతురు తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, తెల్ల గోడ కనిపిస్తుంది. డిప్ లైట్ వేసుకోండి. ముందు ఫాగ్ ల్యాంప్స్ ఉంటే అవి కూడా వేయండి, బంపర్ కింద ఉంటాయి కాబట్టి మంచు కిందుగా రోడ్డు మీద వెలుతురు పరుస్తాయి.

ఇప్పుడు ఆ లారీ డ్రైవర్ చెప్పిన విషయం. కొత్త కార్లలో ముందు పగటి లైట్లు వాటంతట అవే వెలుగుతుంటాయి. అవి వెలుగుతున్నప్పుడు చాలా కార్లలో వెనక లైట్లు వెలగవు. పైగా మనం స్విచ్ ఆటోలో పెట్టి వదిలేస్తాం. ఆటో సెన్సర్ చూసేది చీకటిని, మంచుని కాదు. ఆరున్నర తర్వాత మంచు తెల్లగా మెరుస్తుంటే దానికి పగలైపోయినట్టే, హెడ్‌లైట్లు ఆర్పేస్తుంది. ముందు వెలుతురు ఉంది కదా అని మనకి తెలియదు, డ్యాష్‌బోర్డ్ కూడా వెలుగుతూనే ఉంటుంది. వెనకొచ్చే బస్సుకి మాత్రం మన కారు లేనట్టే. కాబట్టి మంచులోకి వెళ్లే ముందు స్విచ్‌ని ఆటోలోంచి తీసి చేత్తో హెడ్‌లైట్ ఆన్‌లో పెట్టండి. ఆగినప్పుడు ఒకరు దిగి వెనక లైట్లు, బ్రేక్ లైట్లు చూడండి, బురద ఉంటే తుడవండి.

వెనక ఎర్ర ఫాగ్ ల్యాంప్ ఉంటే దట్టమైన మంచులో వేయండి. మంచు పోగానే తప్పనిసరిగా ఆపేయండి, మామూలు రోడ్డు మీద అది వెనకవాళ్ల కళ్లలో పొడిచినట్టు ఉంటుంది.

డబుల్ ఇండికేటర్లు వేసుకుని వెళ్లే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. దయచేసి మానండి. అవి ఆగిపోయిన బండికి గుర్తు. మీరు కదులుతున్నారో ఆగారో వెనకవాళ్లకి అర్థం కాదు, మీరు లేన్ మారుతున్నట్టు ఇండికేటర్ చూపించే వీలూ ఉండదు. ముందు బండ్లు హఠాత్తుగా ఆగిపోయి ఉంటే, వెనకవాళ్లని హెచ్చరించడానికి కొన్ని సెకన్లు వేయడం వేరు.

స్టెప్ 4: అద్దం మసకబారితే

బయట చల్లగా, లోపల నలుగురి ఊపిరి వెచ్చగా ఉంటే అద్దం లోపల ఆవిరి పడుతుంది. చేత్తో తుడవకండి, జిడ్డు పెరుగుతుంది. చలి కదా అని ఏసీ ఆపేస్తారు, అక్కడే పొరపాటు. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది. ఏసీ ఆన్ చేసి, వేడి పెంచి, గాలి ముందు అద్దం మీదకి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చే బటన్ పెట్టండి. లోపలి గాలే తిరిగే మోడ్‌లో ఉంటే ఆవిరి పోదు. నిమిషంలో తేడా తెలుస్తుంది. వెనక అద్దాన్ని వేడిచేసే తీగలు (డీఫాగర్) ఉంటే అవీ ఆన్ చేయండి.

వైపర్ వేస్తే మసక పోయిందంటే అది బయటి వైపు తడి. అప్పుడు ఏసీ చల్లదనం తగ్గించాలి.

స్టెప్ 5: రోడ్డు మీద

స్పీడ్ సంగతి పైన చెప్పేశాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా వెళ్లొచ్చు అని బోర్డు ఉంటుంది, అది శుభ్రంగా కనిపించే రోజుకి. ఔటర్ హిమాయత్‌సాగర్‌ని ఆనుకుని వెళ్తుంది, శామీర్‌పేట చెరువు దగ్గరగా వెళ్తుంది, ఇలాంటి నీళ్ల పక్కన, పల్లపు ప్రాంతాల్లో మంచు ముద్దగా కూర్చుని ఉంటుంది. విజయవాడ రోడ్డులో సూర్యాపేటకి ముందు మూసీ వంతెన దగ్గరా అంతే. నాలుగు కిలోమీటర్లు బాగుండి ఒక్కసారిగా లోపలికి వెళ్లిపోతారు. వంతెన, చెరువు, వరి పొలాలు వస్తున్నాయని తెలిస్తే ముందే తగ్గించండి, లోపలికి వెళ్లాక సడన్ బ్రేక్ కొట్టకండి. ఉత్తరాదిలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే లాంటి రోడ్ల మీద ఒకదాని వెనక ఒకటి పదుల బండ్లు గుద్దుకోవడం చలికాలంలో వార్తల్లో చూస్తూనే ఉంటాం. మొదటి బండి ఆగుతుంది, వెనకవాళ్లకి ఆ సంగతి తెలియదు, అంతే జరిగేది.

ఏ లేన్‌లో వెళ్లాలి? ఔటర్ మీదైతే నేను ఎడమ నుంచి రెండో లేన్ పట్టుకుంటాను. పూర్తిగా ఎడమ అంచున లారీలు ఆగి ఉంటాయి. హైవే మీద మనవైపు రెండే లేన్లు ఉన్నచోట ఎడమ లేన్‌లోనే, కానీ అంచుకి ఒరగకుండా మధ్యలో వెళ్లండి. కుడి లేన్‌లో డివైడర్ సందుల్లోంచి బైకులు, ట్రాక్టర్లు అడ్డంగా వస్తాయి. వికారాబాద్ రోడ్డులా డివైడర్ లేనిచోట మధ్య గీతని పట్టుకుని వెళ్లకండి, ఎదురొచ్చేవాడూ దాన్నే పట్టుకుని వస్తుంటాడు. ఎడమ అంచు తెల్ల గీత చూసుకోండి. అక్కడ ఓవర్‌టేక్ అన్న మాటే వద్దు.

ముందు బస్సు వెనక లైట్లు చూసుకుంటూ వెళ్లిపోవడం హాయిగా అనిపిస్తుంది, నిజమే. కానీ చూపు ఆ రెండు ఎర్ర చుక్కలకి అతుక్కుపోతుంది, తెలియకుండానే దగ్గరవుతాం, బస్సు దేన్నైనా తప్పించుకుని పక్కకి తిప్పితే మన ఎదురుగా అది ఉంటుంది. కనీసం నాలుగైదు సెకన్ల దూరం ఉంచండి.

ఈ సీజన్‌లో మన రోడ్ల మీద ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి: పత్తి, వడ్ల ట్రాక్టర్లు, సర్వీస్ రోడ్డు నుంచి రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ కావలి పెట్టిన రాళ్లు, దాబాల ముందు సగం రోడ్డు మీదే ఆగిన లారీలు. జంక్షన్లలో పాటలు ఆపేసి అద్దం కొంచెం దించండి. కంటికి కనపడనిది చెవికి వినపడుతుంది. చిన్నగా ఒక హారన్ కొట్టండి.

కారులో కెమెరాతో పనిచేసే ఆటో బ్రేక్, లేన్ అసిస్ట్ ఉంటే వాటి మీద భరోసా పెట్టుకోకండి. మీకు కనిపించనిది ఆ కెమెరాకీ కనిపించదు.

బైక్ మీద వెళ్లేవాళ్లకి ఒకే మాట, దట్టమైన మంచులో హైవే ఎక్కకండి. నగరంలో తప్పనిసరైతే హెల్మెట్ అద్దం కొంచెం తెరిచి ఉంచండి, మెరిసే జాకెట్ వేసుకోండి, ఫ్లైఓవర్ల ఇనుప జాయింట్లు, రోడ్డు మీద పెయింట్ గీతలు తడిసి జారతాయి కాబట్టి వాటి మీద బండి వంచకండి, బ్రేక్ వేయకండి.

స్టెప్ 6: ఏమీ కనిపించకపోతే

ఆగండి. కానీ రోడ్డు మీద, రోడ్డు పక్కన మాత్రం కాదు. వెనకొచ్చేవాడు మీ లైట్లు చూసి అదే లేన్ అనుకుని నేరుగా మీ మీదకే వస్తాడు. నడకలా వెళ్లినా సరే, పెట్రోల్ బంక్, టోల్ గేట్, దాబా ఆవరణ దాకా వెళ్లి లోపలికి తీసుకోండి. విజయవాడ రోడ్డులో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు గుర్తు పెట్టుకోండి.

బండి చెడిపోయి రోడ్డు మీదే ఆగితే, డబుల్ ఇండికేటర్లు అప్పుడు వేయాలి. అందరూ ఎడమ వైపు తలుపుల్లోంచి దిగి, రెయిలింగ్ దాటి పొలం వైపు, బండికి దూరంగా నిలబడాలి. చలిగా ఉందని పిల్లల్ని కారులో కూర్చోబెట్టడం మాత్రం వద్దే వద్దు. ట్రయాంగిల్ పెట్టాలంటే అంచు బయటి నుంచి నడిచి, కనీసం 50 మీటర్లు వెనక్కి వెళ్లి పెట్టండి, బండ్లు వరసగా వస్తుంటే ఆ సాహసం వద్దు. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఎవరికైనా దెబ్బ తగిలితే 108. కిలోమీటరు రాయి మీది అంకె చెప్తే వాళ్లు త్వరగా వస్తారు.

తిరుగు ప్రయాణం

దీని గురించి ఎవరూ ఆలోచించరు. పండగ అయిపోయాక ఉదయం ఆఫీసుకి అందుకోవాలని మూడింటికి లేచి బయలుదేరతారు. నాలుగు రోజుల నిద్ర బాకీ, కడుపు నిండా పిండివంటలు, పైన మంచు. మేము ఇప్పుడు ముందు రోజు మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరుతున్నాం, చీకటి పడే వేళకి వనస్థలిపురంలో ఉంటాం. అది కుదరని ఏడాది నేను రాత్రే మేనేజర్‌కి మెసేజ్ పెట్టేశాను, "రేపు హైవే మీద మంచు ఉంటుంది, ఒంటి గంటకి లాగిన్ అవుతాను" అని. సరే అని జవాబొచ్చింది. ఎనిమిదిన్నరకి మా అత్తయ్య పెట్టిన ఉప్మా తిని, ఎండ పడ్డాక తీరిగ్గా కారు తీశాం.